ఫోనులో పాత నగరం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పాత కట్టడాలను ఫోను సాయంతో చూడడం, వాటి వివరాలను అందరికీ దొరికేలా నమోదు చెయ్యడం గురించి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువమందికి పనికొచ్చేవి ఏరాం. ఉదాహరణలు చాలావరకు హైదరాబాదువే. పద్ధతి మాత్రం రాజమండ్రికైనా బందరుకైనా ఇదే. యాప్‌ల్లో కొట్టాల్సిన ట్యాగుల (ఒక చోటు ఎలాంటిదో మ్యాపుకు చెప్పే గుర్తింపు మాటల) పేర్లు ఇక్కడ తెలుగులో ఉన్నా, ఫోనులో ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

ప్రశ్న: ఆదివారం పిల్లలకు మూసీ ఒడ్డు కట్టడాలు, చార్మినార్ చుట్టుపక్కల చూపించాలని ఉంది. గల్లీల్లో సిగ్నల్ సరిగా ఉండదు. ఏ యాప్ పెట్టుకోవాలి? (పాఠకురాలు, మలక్‌పేట)

ఆర్గానిక్ మ్యాప్స్ పెట్టుకోండి. ఉచితం, ప్రకటనలు ఉండవు. ఇంట్లో వైఫై ఉండగానే మీ ప్రాంతపు మ్యాపు దించుకుంటే తర్వాత నెట్ అవసరం లేదు. ఓస్మ్‌అండ్ అనే మరో యాప్‌లో మ్యాపు మీద వికీపీడియా పొర కూడా వస్తుంది. కానీ దాంట్లో కొన్ని సదుపాయాలకు డబ్బు కట్టాలి, మెనూలు కూడా ఎక్కువ. రెండూ వాడేది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటానే. 2004 నుంచి మామూలు జనం కలిసి గీస్తున్న మ్యాపు అది. కాబట్టి ఒకదాంట్లో లేని కట్టడం రెండోదాంట్లో దొరుకుతుందని వెతకడం వృథా.

ముందు రోజు రాత్రి అరగంట కూర్చుని, చూడాల్సిన చోట్లను బుక్‌మార్క్ చేసుకోండి. నయాపూల్ దగ్గర మొదలుపెడితే బాగుంటుంది. వంతెన మీద నిలబడితే ఉత్తరం ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, దక్షిణం ఒడ్డున హైకోర్టు ఎదురెదురుగా కనిపిస్తాయి. హైకోర్టు పక్కనే సిటీ కాలేజీ ఉంటుంది. అక్కడి నుంచి మదీనా, పత్తర్‌గట్టి, చార్‌కమాన్ మీదుగా చార్మినార్ సుమారు కిలోమీటరు. పిల్లలు నడవగలరు.

బయలుదేరేముందు ఆరుబయట రెండు నిమిషాలు ఆగి, నీలం చుక్క మీరున్న చోటే నిలిచిందో లేదో చూసుకోండి. నెట్ లేనప్పుడు ఫోనుకు ఉపగ్రహాలు దొరకడం ఆలస్యమవుతుంది. గల్లీలోకి వెళ్లాక మొదలుపెడితే చుక్క ఈ ఇంటి మీది నుంచి ఆ ఇంటి మీదికి గెంతుతూనే ఉంటుంది.

ఆండ్రాయిడ్ ఫోనైతే వికీమీడియా కామన్స్ యాప్ కూడా పెట్టుకోండి. దాంట్లో 'నియర్‌బై' నొక్కితే మీ చుట్టూ ఉన్నవాటిలో వేటికి ఇంకా ఫోటో లేదో చూపిస్తుంది. ఫోటో లేని చోటు వెతికి పట్టుకోవడం పిల్లలకు మంచి ఆట, డేటాకు నిజమైన మేలు.

ప్రశ్న: ఓవర్‌పాస్ టర్బోలో హైదరాబాదు చారిత్రక కట్టడాల జాబితా తీస్తే చాలా తక్కువ వచ్చాయి. కాచిగూడ స్టేషన్ కూడా లేదు. తప్పు ఎక్కడ? (ఆర్కిటెక్చర్ విద్యార్థి, విజయవాడ)

ఓవర్‌పాస్ టర్బో అంటే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాను ట్యాగుల వారీగా వెతికిపెట్టే వెబ్‌సైటు. మీరు అక్కడ 'హిస్టారిక్' ట్యాగు ఒక్కదాన్నే వెతికి ఉంటారు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో కట్టడాన్ని ముందు అది చేస్తున్న పనిని బట్టి నమోదు చేస్తారు. కాచిగూడ 1916 నాటి కట్టడమే అయినా మ్యాపుకు అది రైల్వే స్టేషన్. ఉస్మానియా ఆసుపత్రి ఆసుపత్రే, సిటీ కాలేజీ కాలేజీయే. వాటి మీద 'హిస్టారిక్' ట్యాగు ఎవరో గుర్తుపెట్టుకుని విడిగా వెయ్యాలి.

అందుకని మూడుసార్లు వెతకండి. ఒకసారి 'హిస్టారిక్', ఒకసారి 'హెరిటేజ్', ఒకసారి 'వికీడేటా' ట్యాగు. వికీడేటా అంటే ఒక్కో విషయానికి ఒక నంబరు ఇచ్చి, దాని వివరాలను గడుల్లో నమోదు చేసే ఉచిత డేటా కోశం. మూడోదాంట్లో సినిమా హాళ్లు, స్టేడియాలు కూడా వస్తాయి, కాని తప్పిపోయిన పాత భవనాలు ఎక్కువగా దొరికేది అక్కడే. మూడు జాబితాలనూ కలిపి, వికీడేటా నంబరును బట్టి రెండుసార్లు వచ్చినవి తీసెయ్యండి.

ఇంకో జాగ్రత్త. విజార్డులో (మాటలు కొడితే వెతుకులాటను తయారుచేసి ఇచ్చే పెట్టెలో) 'ఇన్ హైదరాబాద్' అని కొడితే అది ఏ హైదరాబాదో చూసుకోండి. సింధులోనూ ఒక హైదరాబాదు ఉంది. ఊరి పేరు కొట్టకుండా, మ్యాపును మీకు కావలసిన మేరకు జరుపుకొని తెర మీద కనిపిస్తున్నంతలో వెతకమనడం నయం. అలా చేస్తే సర్వరు మీద భారం కూడా తగ్గుతుంది, మధ్యలో ఆగిపోదు.

ప్రశ్న: మా వీధిలోని పాత దేవిడీ (పాతకాలపు పెద్ద భవంతి) వివరాలు ఎక్కించాను. గుర్తు మాత్రం ఎక్కడో ఊరి బయట పడింది. ఎందుకు? (పాఠకుడు, హుస్సేనీ ఆలం)

దీనికి మామూలుగా మూడు కారణాలు ఉంటాయి. చార్మినార్ అంకెలతోనే చూద్దాం.

చార్మినార్ అక్షాంశం 17 డిగ్రీల 21 నిమిషాల 41 సెకన్లు, రేఖాంశం 78 డిగ్రీల 28 నిమిషాల 29 సెకన్లు. దీన్ని దశాంశాల్లోకి మార్చాలంటే నిమిషాలను 60తో, సెకన్లను 3600తో భాగించి డిగ్రీలకు కలపాలి. అప్పుడు 17.3614, 78.4747 వస్తాయి. అలా భాగించకుండా అంకెలను పక్కపక్కన పెట్టి 17.2141, 78.2829 అని రాస్తే చార్మినార్ నైరుతి దిక్కుగా దాదాపు 26 కిలోమీటర్లు జరిగిపోతుంది. మీది ఊరి బయట పడిందంటే చాలావరకు ఇదే జరిగి ఉంటుంది.

రెండోది, అంకెల వరస తారుమారు కావడం. మనం అక్షాంశం ముందు రాస్తాం. మ్యాపు డేటాను దాచే జియోజేసన్ ఫైళ్లలో రేఖాంశం ముందు ఉంటుంది. చూసుకోకుండా అతికిస్తే 78 ఉత్తరం, 17 తూర్పు అవుతుంది. అది ఉత్తర ధ్రువానికి దగ్గర్లో ఉన్న స్వాల్బార్డ్ దీవుల మంచు. మీ గుర్తు మ్యాపులో ఎక్కడా కనిపించకపోతే ముందు అక్కడ వెతకండి.

మూడోది చిన్నదే కాని దాదాపు అందరూ చేసేది. ఫోటోలో నమోదయ్యేది కెమెరా ఉన్న చోటు. దేవిడీ మొత్తం ఫ్రేములోకి రావాలని మీరు రోడ్డుకు ఇవతల నిలబడి తీస్తారు, గుర్తు ఎదురింటి మీద పడుతుంది. పైగా ఎత్తైన గోడల మధ్య ఉపగ్రహ సంకేతం గోడలకు తగిలి ఆలస్యంగా చేరుతుంది. ఆరుబయట 5 మీటర్లు ఉండే తేడా సన్నని గల్లీలో 15, 20 మీటర్లు అవుతుంది. కాబట్టి కట్టడం చోటును ఫోటో నుంచి తీసుకోకండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఎడిటర్‌లో వచ్చే ఉపగ్రహ చిత్రం మీద కట్టడం కప్పు నడిమధ్య చుక్క పెట్టి ఆ అంకెలు తీసుకోండి. దశాంశం తర్వాత 5 అంకెలు చాలు. ఐదో అంకె ఒకటి మారితే నేల మీద మీటరు తేడా. పది అంకెలు రాసినంత మాత్రాన కచ్చితత్వం పెరగదు.

ఫోటోలను ఒకరి ఫోను నుంచి ఇంకొకరికి వాట్సాప్‌లో ఫోటోగా పంపితే లొకేషన్ పోతుంది, నాణ్యతా పోతుంది. డాక్యుమెంటుగా పంపండి, లేదా కేబుల్‌తో ఎక్కించుకోండి.

ప్రశ్న: ద్వారం మీద 1325 అని చెక్కి ఉంది. కట్టిన సంవత్సరం ఏది రాయాలి? (పాఠకుడు, షా అలీ బండ)

అది హిజ్రీ (ఇస్లాం క్యాలెండరు) సంవత్సరమా, ఫస్లీ (రెవెన్యూ లెక్కల క్యాలెండరు) సంవత్సరమా తేలకుండా ఏదీ రాయకండి. నిజాం రాజ్యంలో రెండూ వాడుకలో ఉండేవి. మత సంబంధమైన శాసనాల్లో హిజ్రీ, రెవెన్యూ, సర్కారీ కాగితాల్లో ఫస్లీ ఎక్కువ.

హిజ్రీ చాంద్రమానం, ఏడాదికి 354 లేదా 355 రోజులు. సుమారు లెక్కకు 0.97తో గుణించి 622 కలపాలి. 1325ను గుణిస్తే 1285, 622 కలిపితే 1907. ఫస్లీ అయితే 590 కలిపితే చాలు, 1915-16 వస్తుంది. రెండింటి మధ్య ఎనిమిదేళ్లు తేడా. హైదరాబాదులో ఆ ఎనిమిదేళ్ల మధ్యే 1908 సెప్టెంబరు వరద వచ్చింది. ఒక లెక్కలో మీ ఇల్లు వరదను చూసింది, ఇంకో లెక్కలో వరద తర్వాత పుట్టింది. అంత తేడాను ఊహకు వదిలెయ్యకూడదు.

అంకె పక్కన చిన్న అక్షరాలు ఉన్నాయేమో దగ్గరగా ఫోటో తీసి చూడండి. హిజ్రీ సంవత్సరం కింద తరచు ఉర్దూ 'దో చష్మీ హే' అక్షరం ఉంటుంది, ఫస్లీకైతే 'ఫే' గుర్తు ఉండవచ్చు. మధ్యాహ్నపు ఎండలో చెక్కడం కనిపించదు. పొద్దున గానీ సాయంత్రం గానీ ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు తియ్యండి, లేదా ఇంకో ఫోను టార్చిని గోడకు ఆనించినట్టు పక్క నుంచి వెయ్యండి. నీళ్లు చల్లడం, సుద్ద పూయడం, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దడం వద్దు, సున్నపు గార ఊడి వస్తుంది.

తేలకపోతే ఆ మేరకే రాయండి. వికీడేటాలో తేదీకి 'దశాబ్దం', 'శతాబ్దం' అనే కచ్చితత్వం ఎంచుకునే వీలుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో 'స్టార్ట్ డేట్' ట్యాగులో 'సుమారు' గుర్తు పెట్టవచ్చు.

తేదీ తెలిసినా అది దేనికి తేదీయో చూడాలి. హైకోర్టు పని 1915లో మొదలైంది, 1919లో పూర్తయింది, ప్రారంభం 1920లో. మూడు చోట్ల మూడు సంవత్సరాలు కనిపిస్తే ఎవరో తప్పు రాశారని తొందరపడకండి. వికీడేటాలో మూడింటినీ వేరువేరుగా నమోదు చెయ్యవచ్చు. శిల్పి విషయమూ అంతే. హైకోర్టుకు నమూనా గీసింది జైపూరుకు చెందిన శంకర్‌లాల్, ఆర్కిటెక్టుగా నడిపించింది విన్సెంట్ ఎష్. ఒక్క పేరే రాస్తే రెండోవారు చరిత్రలోంచి జారిపోతారు. వికీడేటాలో ఆర్కిటెక్టు గడి నంబరు పి84. దాంట్లో ఎన్ని పేర్లయినా చేర్చవచ్చు, ఒక్కోదానికి ఆధారం జత చెయ్యండి.

ప్రశ్న: పాత వారసత్వ జాబితాలో ఉన్న భవనాలన్నిటికీ 'రక్షిత కట్టడం' అని పెట్టవచ్చా? (పరిశోధక విద్యార్థిని, సికింద్రాబాద్)

వద్దు. హైదరాబాదులో ఇది పెద్ద చిక్కు. 1995లో హుడా (అప్పటి హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ) జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధన కింద వారసత్వ భవనాల జాబితా వచ్చింది. 2015లో ఆ నిబంధనను తీసేశారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. చార్మినార్, గోల్కొండ కోట 1958 నాటి కేంద్ర చట్టం కింద భారత పురావస్తు సర్వే రక్షణలో ఉన్నాయి, వాటి దారి వేరు. 2019లో ఎర్రమంజిల్ అనే పాత ప్యాలెస్ స్థానంలో కొత్త శాసనసభ కట్టాలన్న నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసింది. ఒక భవనం ఏ నిబంధన కింద, ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఉందన్నది అలాంటి చోట ఎంత ముఖ్యమో ఆలోచించండి.

వికీడేటాలో వారసత్వ హోదా గడి పి1435. హోదా రాసి ఊరుకోకుండా దానికింద మొదలైన తేదీ, ముగిసిన తేదీ, ఆధారం, మూడూ జతచెయ్యండి. ముగిసిన హోదాను చెరిపెయ్యకండి. ఒకప్పుడు ఆ భవనాన్ని రక్షించాల్సినదిగా గుర్తించారన్నది కూడా వాస్తవమే, రేపు ఎవరికైనా అదే ఆధారం కావచ్చు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో 'హెరిటేజ్' ట్యాగుకు 2 అంటే జాతీయ స్థాయి, 4 అంటే రాష్ట్ర స్థాయి. ప్రస్తుతం అమల్లో ఉన్న హోదాకే ఆ అంకె వెయ్యండి.

ప్రశ్న: నూరేళ్ల కిందటి హైదరాబాదు మ్యాపును ఇప్పటి మ్యాపు మీద పరిచి ఫోనులో చూడాలని ఉంది. ఎలా? (పాఠకుడు, డాలస్)

మీరు చెప్తున్నది లెనార్డ్ మన్ నేతృత్వంలో 1912-15 మధ్య జరిగిన మునిసిపల్ సర్వే అయి ఉంటుంది. ఒక్కో ఇల్లు, బావి, గోడ గీసిన షీట్లు అవి. ఈ పనికి అంతకంటే మంచిది లేదు.

స్కాను 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలకు) తగ్గకుండా ఉండాలి. కంప్యూటర్లో ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజిస్ తెరిచి, పాత మ్యాపును నిజమైన అక్షాంశ రేఖాంశాలకు కుదిర్చే జియోరెఫరెన్సర్‌లో షీటు ఎక్కించండి. కొలతల వ్యవస్థగా ఈపీఎస్‌జీ 32644 ఎంచుకోండి, హైదరాబాదు పడే మండలం అదే. తర్వాత పాత షీటు మీద ఒక చోటు, ఇప్పటి మ్యాపులో అదే చోటు, ఇలా జతలు కలుపుతూ పోవాలి. లెక్కకు 3 జతలు చాలినా 8 నుంచి 10 పెట్టండి, షీటు నాలుగు మూలలకూ పరుచుకునేలా. ఒక మూలనే పెడితే ఎదుటి మూల గాలిలో తేలుతుంది.

ఏ చోట్లు ఎంచుకోవాలన్నదే అసలు పనితనం. చార్మినార్ నాలుగు స్తంభాల మూలలు, మక్కా మసీదు మూలలు, చార్‌కమాన్ తోరణాల పునాదులు కదలలేదు, అవి మంచివి. రోడ్ల అంచులు వద్దు, వెడల్పు చేశారు. మూసీ ఒడ్డు వద్దు, వరద తర్వాత మార్చారు. హైకోర్టు వద్దు, ఆ సర్వే నాటికి అది ఇంకా పూర్తి కాలేదు.

మొదట పాలినామియల్ 1 పద్ధతితో (షీటునంతా ఒకేలా తిప్పి, సాగదీసే పద్ధతి) చూడండి. క్యూజిస్ ఒక్కో జత తేడాను పిక్సెళ్లలో చూపిస్తుంది. ఒక పిక్సెల్ నేల మీద 20 సెంటీమీటర్లయితే 10 పిక్సెళ్ల తేడా అంటే 2 మీటర్లు. ఇల్లిల్లూ గుర్తుపట్టడానికి 2, 3 మీటర్లు సరిపోతుంది. ఒక్క జతే మిగతావాటికంటే ఎంతో ఎక్కువ చూపిస్తే చోటు తప్పు పట్టుకున్నారన్నమాట, మళ్లీ చూడండి. కాగితం మడతల దగ్గర సాగిపోయి ఉంటే షీటును చోటుకో రకంగా సాగదీసే థిన్ ప్లేట్ స్ప్లైన్ వాడతారు. కాని దాంతో ఒక మోసం ఉంది. అది ప్రతి జతనూ బలవంతంగా కలిపేస్తుంది కాబట్టి తేడా ఎప్పుడూ సున్నాయే కనిపిస్తుంది. ముందే మూడు చోట్లను జతల్లో చేర్చకుండా పక్కన పెట్టుకుని, పరిచాక అవి కలిశాయో లేదో కళ్లతో చూడండి.

పూర్తయ్యాక టైళ్లుగా (చిన్న చదరపు బొమ్మ ముక్కలుగా) ఎగుమతి చేసి ఓస్మ్‌అండ్‌లో పొరగా వేసుకోవచ్చు. పారదర్శకత సగానికి పెట్టి పత్తర్‌గట్టిలో నడిస్తే, ఇప్పటి రాతి దుకాణాల వరస కింద పాత గల్లీల గీతలు కనిపిస్తాయి. ఎవరి ఇళ్ల మీదుగా ఆ రోడ్డు వచ్చిందో అర్థమవుతుంది.

ప్రశ్న: తెలుగులో పేరు కొడితే యాప్‌లో దొరకడం లేదు. (పాఠకురాలు, ఖమ్మం)

రెండు కారణాలు. ఒకటి, చాలా కట్టడాలకు 'నేమ్', ఆ తర్వాత కోలన్, 'టీఈ' అనే తెలుగు పేరు గడి ఖాళీగా ఉంది. అది నింపడం ఐదు నిమిషాల పని, అందరూ చెయ్యగలిగింది. యంత్రం చేసిన లిప్యంతరీకరణ అతికించకండి. జనం పిలిచే పేరు రాయండి. మొజంజాహి మార్కెట్‌కు ఆ పేరు ఒక గడిలో, 'ఎంజే మార్కెట్' ప్రత్యామ్నాయ పేరుగా ఇంకో గడిలో ఉండాలి. ఉర్దూ పేరుకు వేరే గడి ఉంది. ఉర్దూ వచ్చినవారిని అడిగి నింపించండి.

రెండోది కంటికి కనిపించదు. 'చార్మినార్', 'చార్‌మినార్' అని రెండు విధాలా రాస్తాం. రెండోదాంట్లో పొల్లు తర్వాత ఒత్తు పడకుండా ఆపే ఒక అదృశ్య అక్షరం ఉంటుంది. కొన్ని యాప్‌లకు అవి రెండు వేరువేరు మాటలు. వికీడేటాలో ఒకటి అసలు పేరుగా, ఇంకోటి మారుపేరుగా, రెండూ చేర్చండి.

ప్రశ్న: రోడ్డు మీద నిలబడి భవనాల ఫోటోలు తీసి స్వేచ్ఛా లైసెన్సుతో పెట్టవచ్చా? గూగుల్ మ్యాప్స్ నుంచి పేర్లు తీసుకోవచ్చా? (పాఠకుడు, గుంటూరు)

మొదటిదానికి అవును. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ కట్టడాల ఫోటోలకు, బహిరంగ ప్రదేశంలో శాశ్వతంగా ఉన్న శిల్పాల ఫోటోలకు మినహాయింపు ఇస్తోంది. గోడ మీద బొమ్మలకు, హోర్డింగులకు ఆ మినహాయింపు లేదు. కొత్త మ్యూరల్ ఫ్రేము నిండా ఉంటే పెట్టకండి. రెండోదానికి కాదు. గూగుల్ నుంచి ఒక్క పేరు కూడా ఎత్తకూడదు. గుమ్మం మీది బోర్డు చదివి రాయండి.

ప్రశ్న: మా ఊరి పాతిక కట్టడాలతో చిన్న నడక మ్యాపు చెయ్యాలి. కోడింగ్ రాదు. (ఉపాధ్యాయుడు, రాజమండ్రి)

యూమ్యాప్ అనే వెబ్‌సైటు చాలు, ఉచితం. ఎక్సెల్‌లో పేరు, వివరం, 'లాట్' (అక్షాంశం), 'లాన్' (రేఖాంశం) అనే నాలుగు నిలువు వరసలు చేసి ఎక్కిస్తే మ్యాపు వస్తుంది. దాని లింకుకు క్యూఆర్ కోడ్ చేసి స్కూలు గోడకు అంటించవచ్చు. సేవ్ చేసేటప్పుడు 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' ఎంచుకోండి. మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారుతుంది, మూసి తెరిచాక వెనక్కి రాదు. అసలు ఫైలును ఎక్సెల్ రూపంలో విడిగా ఉంచుకోండి. మ్యాపు మూలన కనిపించే 'ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కాంట్రిబ్యూటర్స్' మాట తీసెయ్యకండి, అది లైసెన్సు షరతు.

గోదావరి మీది హేవలాక్ రైలు వంతెనను చేర్చేటప్పుడు ఒక సంగతి. 1900లో మొదలై 1997లో రైళ్లు ఆగినా వంతెన నిలిచే ఉంది. కాబట్టి 'వాడుకలో లేని రైల్వే'గా ఉండాలి, తీసెయ్యకూడదు. పూర్తిగా కూలిపోయిన కట్టడాలైతే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఉంచరు. వాటికోసం ఓపెన్‌హిస్టారికల్‌మ్యాప్ ఉంది. అక్కడ కట్టిన ఏడు, కూలిన ఏడు రెండూ వేసి పెట్టండి. వికీడేటాలో పేజీని అలాగే ఉంచి, కూలిన తేదీని పి576 గడిలో రాయండి. మీ పాతికలో ఏదైనా ఈ ఏడు పోయేలా ఉంటే మిగతావి ఆపి ముందు దాని దగ్గరకు వెళ్లండి. నాలుగు దిక్కుల నుంచి ఫోటోలు, ద్వారబంధం, కిటికీ, మెట్లు, కప్పు దూలాలు, ప్రతి దాని పక్కన కొలత కోసం ఒక స్కేలు పెట్టి తియ్యండి.